ఆమె వంతు

"నువ్వు రూల్స్ చదివి చెప్పు చాలు, మేం ఆడుకుంటాం" అన్నాడు భర్త, కొత్త ఆట డబ్బా ఆమె చేతిలో పెట్టి.

ఏడాదిగా ఆ ఇంట్లో ఆదివారం మధ్యాహ్నాలన్నీ ఇలాగే గడుస్తున్నాయి. భర్త, మరిది, ఆమె పనిచేసే ఆసుపత్రిలోనే మందుల కౌంటర్ చూసే భర్త స్నేహితుడు, కుట్టుపని చేసే అతని భార్య బల్ల చుట్టూ చేరతారు. ఆమె పొయ్యి పక్కన నిలబడి రూల్స్ పుస్తకం చదువుతుంది. జిడ్డు వేళ్ళ ముద్ర పడని పేజీ అందులో ఉండదు. "ఈ కార్డు రెండుసార్లు వాడొచ్చా?" అని హాల్లోంచి కేక వస్తే, అంట్లు తోముతూనే తీర్పు చెబుతుంది. అందరూ లేచాక ముక్కలన్నీ రంగులవారీగా ఏరి సర్దడమూ ఆమె పనే. సర్దే ముందు ఒక పావుగంట, నలుగురి తరఫునా తనే ఆడుకుంటుంది. రోడ్లు కలుపుతూ ఊళ్ళు కట్టే ఆటంటే ఆమెకు ప్రాణం. సరుకులు మార్చుకునే ఆటంటే విసుగు. అందులో గొంతు పెద్దదైనవాడే గెలుస్తాడు. ఒకసారి అత్తగారు చూసి "ఒంటరిగా ఆటలేమిటే, పిచ్చిదానిలా" అన్నారు. అప్పటినుంచి తలుపు దగ్గరగా వేసుకుంటోంది.

ఆ ఆదివారం మరిది రాలేదు. "నువ్వే కూర్చో వదినా" అంది స్నేహితుడి భార్య.

కొత్త ఆటలో ఎవరికీ ఎవరూ శత్రువులు కారు. ఊరినుంచి ఊరికి పాకే జ్వరాన్ని నలుగురూ కలిసి ఆపాలి. పదకొండేళ్ళుగా రక్తపరీక్షల గదిలో పనిచేస్తున్న ఆమెకు పటం చూడగానే తెలిసిపోయింది, పైనున్న ఓడరేవును వదిలేస్తే అంతా పోతుందని. తన వంతు రాగానే చెయ్యి చాపింది. అప్పటికే భర్త ఆమె బొమ్మను తీసి వేరే ఊళ్ళో పెట్టేశాడు.

"అక్కడికెందుకు? నా పక్కనుండు."

రెండోసారీ అంతే. మూడోసారి ఆమె చెయ్యి చాపనే లేదు.

స్నేహితుడు పకపకా నవ్వాడు. "వీడంతేనమ్మా. నీ ప్రమోషన్ కూడా వీడే తేల్చేశాడుగా! పెద్ద డాక్టరమ్మకి ఫోన్ చేసి, మా ఆవిడ అంతదూరం వెళ్ళనంటోందండీ అని..." భార్య మోచేత్తో పొడిచాక ఆగాడు.

ఊరవతల తెరిచిన ఆసుపత్రి కొత్త శాఖలో పరీక్షల విభాగం తనకు అప్పగిస్తారని ఆమె ఏడు వారాలుగా ఎదురుచూస్తోంది. ఉత్తరం రాకపోయేసరికి, ఏ నమూనా పాడుచేశానో, ఎవరితో దురుసుగా మాట్లాడానో అని రోజూ తనలోనే తప్పులు వెతుక్కుంటోంది.

"నిజమేనా?" అని భర్తను అడిగింది.

"చెబుదామనే అనుకున్నా. రోజూ రెండు బస్సులు మారాలి. అమ్మనెవరు చూస్తారు? నీ మంచికే కదా!"

"నన్నో మాట అడగొచ్చుగా."

"అడిగితే ఏమంటావో నాకు తెలీదా?" అని బల్లవైపు తిరిగాడు. "ఊఁ, ఎవరి వంతు?"

కాసేపటికి ఓడరేవు నిండా జ్వరం ముక్కలే. నలుగురూ ఓడిపోయారు. "ఆట తెలియనివాళ్ళని కూర్చోబెడితే ఇంతే" అన్నాడు భర్త. ఆమె ఏడవలేదు. లేచి గ్లాసులు తీసింది.

మర్నాడు పొద్దున్నే డాక్టరమ్మ గదికి వెళ్ళింది.

"అయ్యో, శుక్రవారమే ఇచ్చేశామే!" అందావిడ. ఆ పోస్టు దక్కినమ్మాయికి సూది పట్టుకోవడం నేర్పింది తనే. "మీవారు మరీ మరీ చెప్పారు, నీకిష్టం లేదని."

"మీ దగ్గర ఉద్యోగం చేసేది ఆయన కాదు కదండీ."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "తప్పే. కానీ ఇప్పుడేం చెయ్యను? మళ్ళీ ఖాళీ రావాలంటే ఏళ్ళు పడుతుంది."

"ఇప్పుడున్న హోదాలోనే అక్కడికి పంపండి. ఆ అమ్మాయి కింద చేస్తాను."

"జీతం పెరగదు. ఇంటికి దూరం మాత్రం పెరుగుతుంది. ఎందుకమ్మా?"

"అక్కడ సిబ్బందికి గదులున్నాయటగా, ఏదైనా ఖాళీ ఉందా?"

డాక్టరమ్మ సొరుగులోంచి గదుల జాబితా తీసి చూసింది. "ఒకటుంది. చాలా చిన్నది. ఒక్క మనిషికే సరిపోతుంది."

"ఒక్క మనిషేనండీ" అంది ఆమె.