గంజి పట్టీలు

నేతగాళ్ల కొత్తవాడలో పొద్దుండగానే మగ్గం ఆగిందంటే ఆ ఇంట్లో పండగైనా ఉండాలి, చావైనా ఉండాలి. డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో కైలాసం మగ్గం ఈ రెండూ లేకుండానే రోజూ సాయంత్రం ఆగిపోయేది. మగ్గం గుంటలోంచి లేచి, కాళ్లు కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని ఎటో వెళ్లిపోయేవాడు. దీపాలు పెట్టే వేళకు ఒళ్లంతా చెమటతో, వేళ్ల కణుపులు కమిలిపోయి తిరిగొచ్చేవాడు. ఎక్కడికని అడిగితే ఒకటే జవాబు.

"బాక్సింగ్ నేర్చుకుంటాన."

ఆయన పెళ్లాం అనసూర్య నమ్మలేదు. అసలు దేన్నైనా నమ్మడం ఆమె ఒంట్లో లేదు. పాలు పోస్తుంటే చెంబులోకి తొంగిచూసేది. తూకం వేస్తుంటే తక్కెడ కింద చేయి పెట్టి చూసేది. పుట్టింటివాళ్లు పెట్టిన చీరను కూడా వాళ్ల ముందే ఎండకెత్తి పట్టి, నేత పల్చనేమోనని చూసిన ఘనత ఆమెది. అలాంటి మనిషికి, పెళ్లయి ఇన్నేళ్లయ్యాక మొగుడొచ్చి ఆట నేర్చుకుంటున్నానంటే ఎలా ఎక్కుతుంది?

"బాక్సింగ్ అంటే ఏంది?" అని నిలదీసింది.

"గుద్దులాట. కానీ కొట్లాట కాదు."

"గుద్దుకుంటరు, కానీ కొట్టుకోరు. మంచిగున్నది నీ ముచ్చట!"

కైలాసం చెప్పిన కథ ఇది. మిషన్ కాంపౌండులో దానియేలు సార్ అని ఒక పెద్దమనిషి ఉన్నాడు. మిలిటరీలో బాక్సింగ్ ఆడి, రిటైరై వచ్చి, కాంపౌండులో కొంతమందికి ఆట నేర్పుతున్నాడు. ఆయన నేయించుకున్న జంపఖానా ఇచ్చి రావడానికి కైలాసం వెళ్తే, ఆయన జంపఖానా సంగతి వదిలేసి కైలాసం భుజాల వంక చూశాడట. "మగ్గం నీకు సగం ఆట నేర్పింది. మిగిలిన సగం నేను నేర్పుత" అన్నాడట. ఈ 'అట'ల్లో ఒక్కటీ అనసూర్యకు మింగుడు పడలేదు.

పక్కింటి పూలమ్మ ఊరుకుంటుందా? దండెం మీద ఆరేసిన పొడుగాటి తెల్ల పట్టీలను చూపించి, "ఇవి దవాఖాన్ల కట్టేటియి గద పిల్లా! ఆ కాంపౌండు పక్కపొంటే నర్సులుంటరు. జర చూస్కో" అని ఒక మాట వదిలి, చేట పట్టుకుని లోపలికి పోయింది.

మర్నాడే అనసూర్య పసుపు కొనాలన్న వంకతో బయలుదేరి కాంపౌండు గోడ పక్కన నిలబడింది. నర్సులు లేరు. మీసాలొచ్చిన మగవాళ్లు ఆడపిల్లల్లా తాడాట ఆడుతున్నారు. వాళ్లలో కైలాసం కూడా ఉన్నాడు. తర్వాత అందరూ ఒక పక్కకు తిరిగి నిలబడి, సుద్దతో గీసిన గీత మీద ముందుకూ వెనక్కూ జరిగారు. నెరిసిన జుట్టు దానియేలు సార్ "కాళ్లు! కాళ్లు చూస్కోండ్రి!" అని ఒకటే అరుపు. ఎవరూ ఎవరినీ కొట్టలేదు. అది చూసి ఆమె అనుమానం తగ్గకపోగా రెట్టింపైంది. ఇక్కడ దెబ్బలే లేకపోతే, మరి ఈయన చేతులు ఎక్కడ కమిలిపోతున్నట్టు?

ఇంటికి రాగానే దొంగను పట్టుకున్నట్టు అడిగింది. కైలాసం తలపట్టుకున్నాడు.

"గోనెసంచిల పాత బట్టలు కూరి చెట్టుకు వేలాడదీస్తరు. ఆఖర్ల దాన్ని గుద్దుతం. నువ్వు జల్ది వచ్చేసినవ్. ఇగో, ఇట్ల చూడు."

వంటింటి గడప ముందు నిలబడి మొదలుపెట్టాడు. "ఎడమ కాలు ముందు, కుడి కాలు ఎనక. ఏ దిక్కు జరిగినా కాళ్లు ఒకదానికొకటి అడ్డం పడొద్దు, పడితె నువ్వే పడుతవు. గదువ ఎదకు ఆనేటట్టు కిందికి. రెండు చేతులు ముఖానికి కాపలా. ఎడమ చెయ్యి తిన్నగ పోవాలె, పోయినంత జల్ది మళ్ల కాపలాకు రావాలె. నడుం కింద కొట్టొద్దు. పడ్డోన్ని కొట్టొద్దు. ఎదుటోన్ని పడగొడితెనే గెలుపని కాదు, సాఫ్‌గ తగిలిన దెబ్బలు చూసి గెలుపు చెప్తరు."

"మరి ఆ పట్టీలు?"

"చేతుల సన్న సన్న బొక్కలుంటయి. ఊకె గుద్దితె విరుగుతయి. అందుకే గ్లోవ్స్ కింద చుట్టుకుంటం."

కైలాసం ఆ ఒక్క మాట చెప్పకుండా ఉండాల్సింది. అనసూర్య గుండెలో రాయి పడింది. నేతగాడి చేయి విరిగితే ఏమవుతుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వాళ్ల నాన్న మణికట్టు విరిగాక మళ్లీ మగ్గం ఎక్కలేదు. గుమ్మంలో కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూస్తూ బతుకు వెళ్లదీశాడు. నర్సు ఉందన్న అనుమానమే నయమనిపించింది ఆమెకు. నర్సుతోనైతే పోట్లాడొచ్చు.

అప్పటినుంచి ఇంట్లో రోజూ రభసే. హనుమకొండ కాలేజీ మైదానంలో పోటీలని, తన పేరు కూడా ఉందని కైలాసం చెప్పిన రోజున అది ముదిరింది. పోటీ ముందు రోజు అనసూర్య గొంతు చించుకుని, "నీ ఆట ఆగిపోను! రేపే ఆగిపోను!" అని శాపనార్థాలు పెట్టింది. కైలాసం అన్నం ముందునుంచి లేచి బయటికి పోయాడు.

ఆయన వెళ్లాక దండెం మీది పట్టీలు ఆమె కంటబడ్డాయి. చేతిలోకి తీసుకుని చూసింది. మెత్తగా, వేలాడిపోతూ, బలమన్నది లేకుండా ఉన్నాయి. వీటినా ఈయన నమ్ముకున్నది? మగ్గం మీది పడుగుకు గంజి పట్టించకపోతే నాలుగు పోట్లకే పోగులు తెగుతాయి. గంజి పట్టించాక ఎంత బాదినా తెగవు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ఆమె చేస్తున్న పని అదే. పొయ్యి మీద చిక్కగా గంజి కాచింది. పట్టీలను ముంచి, పిండకుండా బిగలాగి కట్టి, కుంచెతో దువ్వి, ఎండలో ఆరబెట్టింది. ఆరాక చుట్టలు చుట్టి ఆయన సంచిలో పెట్టింది. కైలాసం తిరిగొచ్చాక ఇద్దరి మధ్యా మాటల్లేవు కాబట్టి ఆ సంగతి చెప్పనూ లేదు.

పోటీకి ఆమె కూడా వెళ్లింది. మొగుడు గెలవాలని కాదు, ఇదంతా నిజమో కాదో కళ్లారా చూసి తేల్చుకోవాలని. మైదానంలో బల్లలు పరిచి, నాలుగు మూలలా గుంజలు పాతి, తాళ్లు కట్టారు. దానియేలు సార్ తన మరో శిష్యుడి ఆట దగ్గర ఉండటంతో కైలాసం పట్టీలు తనే చుట్టుకోవాల్సి వచ్చింది. చుడుతుంటే అవి అప్పడాల్లా పటపటలాడాయి. ఇదేమిటని అనుకునేలోపే పేరు పిలిచారు. గబగబా చుట్టేసుకుని వెళ్లి నిలబడ్డాడు.

గ్లోవ్స్ తొడగబోయే ముందు రెఫరీ ఆయన చేతులు నొక్కి చూశాడు. మళ్లీ నొక్కాడు. ముఖం మారిపోయింది.

"ఏందయ్యా ఇది? పిండికట్టు కట్టుకోని ఆటకు వచ్చినవా? దీంతోని గుద్దితె అవతలోని దవడ పలుగదా?"

జనం గొల్లుమన్నారు. "మోసం! ఎల్లగొట్టండ్రి!" అని కాజీపేట నుంచి వచ్చిన అవతలి ఆటగాడి మనుషులు అందుకున్నారు. దానియేలు సార్ పరుగున వచ్చి ఆ పట్టీలు తడిమి చూశాడు. కన్నకొడుకు జేబులో దొంగసొమ్ము దొరికినట్టు అయిపోయింది ఆయన ముఖం.

"కైలాసం... ఏం చేసినవ్?"

"నాకు ఎర్కలే సార్! ఒట్టు!"

ఆడవాళ్ల మధ్య నిలబడ్డ అనసూర్యకు తను కాచిన గంజి గుర్తొచ్చింది. వెంటనే ఇంకొకటి కూడా తట్టింది. తను నోరు మూసుకుంటే చాలు. ఆట ఇక్కడితో ఆగిపోతుంది. చేతులు భద్రంగా ఇంటికొస్తాయి. ఆమె కోరుకున్నది అదే. కానీ మొగుడు మోసగాడన్న పేరుతో ఇంటికొస్తాడు. ఆ తల దించుకున్న మనిషితో తను కాపురం చేయాలి. అనసూర్య కొంగు బిగించి జనాన్ని తోసుకుంటూ ముందుకు నడిచింది.

"పిండికట్టు కాదు! గంజి! బియ్యపు గంజి! ఆయనకు తెల్వదు, నేనే పెట్టిన!"

"పట్టీలకు గంజి ఎవరన్న పెడ్తరామ్మా?" రెఫరీ ఆమెను ఎగాదిగా చూశాడు.

"పోగు తెగొద్దని పడుగుకు పెడ్తం. చెయ్యి విరగొద్దని వీటికి పెట్టిన. నాకేం తెలుసు మీ ఆట?"

మగవాళ్లంతా నవ్వారు. రెఫరీ మాత్రం నవ్వలేదు. "ఇంటామె గట్లనే అంటది" అన్నాడు. దానియేలు సార్ పట్టీ ఊడదీసి నీళ్ల బకెట్లో వేసి పిసికాడు. నీళ్లు తెల్లబడ్డాయి, పట్టీ మెత్తబడి ఆయన వేళ్ల మధ్య జారింది. రెఫరీ ఆ నీళ్లలో వేలు ముంచి వాసన చూసి, నాలుక మీద కూడా పెట్టుకున్నాడు. చివరికి, "కొత్త పట్టీలు నా కండ్ల ముందట చుట్టండ్రి" అన్నాడు.

సార్ కొత్త పట్టీలు చుడుతుంటే కైలాసం చేతులు చాపి కూర్చున్నాడు. కళ్లు మాత్రం అనసూర్య మీదే ఉన్నాయి. అవి ఆమె ఎరిగిన కళ్లు కావు.

"నిన్న ఆగిపోను అంటివి," అన్నాడు మెల్లగా. "ఆపనీకే పెట్టినవా?"

ఇంతలో గంట కొట్టారు.

ఆట మూడు రౌండ్లు సాగింది. కైలాసం వంటింటి గడప ముందు చూపించినవన్నీ అక్కడ చేశాడు, కాకపోతే అవతలివాడు ఆయనకంటే బాగా చేశాడు. ముక్కు మీద ఒక గుద్దు ఠపీమని తగిలి నెత్తురు కారినప్పుడు అనసూర్య కొంగు నోట్లో కుక్కుకుంది. కైలాసం పడలేదు, కానీ ఓడిపోయాడు. ఆట ముగిశాక ఆమె అందరికంటే ముందు వెళ్లి ఆయన వేళ్లు ఒక్కొక్కటే వంచి చూసింది. అన్నీ వంగాయి. ఆయన చేతులు వెనక్కి లాక్కున్నాడు.

కొత్తవాడ దారిలో కైలాసం నాలుగడుగులు ముందు నడిచాడు. చివరికి అనసూర్యే నోరు తెరిచింది.

"ఆట ఆగాలని కోరుకున్న మాట నిజం. గంజి పెట్టింది మాత్రం నీ చెయ్యి విరగొద్దని. రెండూ నేనే చేసిన. నమ్మితె నమ్ము."

"నువ్వు నన్ను ఎన్నడన్న నమ్మినవా?"

"ఇయ్యాల నమ్మిన."

"ఎప్పుడు?"

"వాడు నీ ముక్కు మీద గుద్దినప్పుడు."

కైలాసానికి నవ్వొచ్చింది. నవ్వితే ముక్కు సలిపింది. ముక్కు పట్టుకుని కొంత దూరం నడిచాక నవ్వు పోయి, గొంతు మామూలైంది.

"నాకు మాత్రం నీ మీద నమ్మకం ఇంక కుదరలే అనసూర్యా. కుదుర్తలేదు, ఏం చెయ్యాలె?"

ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. ఒట్టు పెట్టినా లాభం లేదని ఆమెకు తెలుసు, ఇన్నాళ్లూ ఆయన పెట్టిన ఒట్లు ఆమె ఒక్కటీ వినలేదు. నమ్మని పెళ్లాంతో బతికే ఇంత బరువు ఈ మనిషి రోజూ ఎట్లా మోశాడో అనుకుంటే ఏడుపొచ్చింది. ముఖం పక్కకు తిప్పుకుని, "ఇగ నీ పట్టీలు నేను ముట్ట. నువ్వే ఉతుక్కో" అంది.

"లేదు. నువ్వే ఉతుకు," అన్నాడు కైలాసం. "నేను పక్కన నిలవడి చూస్త."