నొక్కకపోతే

ఆమెకి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: పగటిపూట తను ఇంట్లో పడిపోతే సాయంత్రం భర్త వచ్చి తలుపు తీసేదాకా ఎవరికీ తెలియదు, అయిదు నెలల పాప ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిపోతుంది. ఊరికే వచ్చిన భయం కాదు. మొన్న పాలసీసాలు మరగబెడుతూ కళ్ళు తిరిగి పొయ్యి పక్కనే కూలబడిపోయింది. లేచేసరికి నీళ్ళన్నీ ఇగిరి గిన్నె మాడిపోయింది. చెబితే ఆయన, "మరి ఫోన్ చెయ్యొచ్చుగా?" అన్నాడు.

అందుకే పాప పడుకున్నప్పుడల్లా ఫోన్‌లో ఓ యాప్ తయారుచెయ్యడం మొదలుపెట్టింది. కోడ్ రానివాళ్ళ కోసం ఎవరో పుణ్యాత్ములు చేసిన పనిముట్టు అది. 'ఇలా జరిగితే', 'ఇది చెయ్యి' అని మన మాటల్లోనే రాసున్న రంగు ముక్కల్ని తెరమీద ఒకదాని కింద ఒకటి తగిలిస్తే చాలు. లెక్కల్లో ముందున్నా తొమ్మిదో తరగతితోనే బడి మాన్పించేశారు తనని; అయినా అది ఇట్టే వంటబట్టింది. "బొమ్మలతికించడం కూడా ప్రోగ్రామింగేనా తల్లీ?" అని ఆయన నవ్వాడు. "పిల్ల నిద్రపోతే నువ్వూ ఓ కునుకు తీయొచ్చుగా," అంది అత్తగారు ఫోన్‌లో, ఆ కునుకు తీస్తే విడిచిన బట్టలు ఎవరు ఉతుకుతారో చెప్పకుండా.

మొదట 'కష్టంగా ఉంటే నొక్కు' అని ఎర్ర బటన్ పెట్టింది. నొక్కితే ఆ యాప్ ఉన్న మిగతావాళ్ళకి కబురు వెళ్తుంది. టీకాల దగ్గర పరిచయమైన నలుగురు తల్లులకీ ఇచ్చింది. మూడు వారాలు ఎవ్వరూ నొక్కలేదు. వాళ్ళలో ఒకామె పసివాణ్ణి పక్కలో వేసుకుని నాలుగు రోజులు జ్వరంతో ఒంటరిగా పడుందని తర్వాత తెలిసింది. "ఇంతదానికే నొక్కితే ఏమనుకుంటారో అని," అందామె. తను మాత్రం నొక్కిందా? నడుం పట్టేసిన రోజున కూడా ఆ బటన్ వంక చూసి ఊరుకుంది. నిలబడ్డవాళ్ళు మొహమాటపడి నొక్కరు. పడిపోయినవాళ్ళకి చెయ్యి లేవదు.

ఆ మధ్యాహ్నం 'కబురు పంపు' అన్న ముక్కని వేలితో పట్టి, 'నొక్కితే' కిందనుంచి ఊడబెరికి 'నొక్కకపోతే' కింద తగిలించింది. ఇక రోజూ పొద్దున పదింటికల్లా 'బాగున్నా' అని నొక్కాలి. నొక్కకపోతేనే కబురు. ఎవరికి? వెంటనే రాగలిగినవాళ్ళ నంబరు కావాలి, అక్కడ ఖాళీ గడి. "నా నంబరొద్దు, పనిలో ఉంటా, చీటికీ మాటికీ మోగితే ఎలా?" అన్నాడాయన. కింది వాటాలో ఉండే కుట్టుమిషన్ అక్కని అడిగి, ఇంటి తాళంచెవి ఒకటి చేతిలో పెట్టింది. "నాకేం, మిషన్ ఆపి నాలుగు మెట్లెక్కితే సరి. నా ఫోన్‌లోనూ అది పెట్టు, నేనూ ఒక్కదాన్నేగా," అందావిడ.

అప్పుడు, నొక్కని రోజున అక్కకి వెళ్ళాల్సిన కబురు రాసింది, చంకలో పాపతో, ఒంటి వేలితో:

"పదయినా నేను నొక్కలేదు. పాప నా దగ్గరే ఉంది. గుమ్మంలో నిలబడి అడిగితే బాగానే ఉన్నానంటాను, నమ్మొద్దు. లోపలికొచ్చి చూడండి."