అప్పడం ఫోను, అరటిపువ్వు చీర

2022 ఆగస్టు ఇరవై, శనివారం. ఆ రోజు వెంకటరాముడు హిందూపురం బస్టాండు దగ్గర ఒక ప్లేటు ఉగ్గాని, నాలుగు మిరపకాయ బజ్జీలు తిన్నాడు. ఐదో బజ్జీని ఆయన భార్య అరుణ లాక్కుంది. తారీఖు ఇంత కచ్చితంగా గుర్తుండటానికి కారణం పెళ్ళిరోజు కాదు. పెళ్ళిరోజు ఆయనకు ఏనాడూ గుర్తుండలేదు, అందుకు తగిన శాస్తి ఏటేటా జరిగేది. ఆ రోజు ఆయన ఇమ్మానుయేలు షాపులో సన్నటి ఫోను కొన్నాడు. దాని బ్యాటరీ పొద్దుగూకేదాకా నిలబడిన మొదటి రోజు అదే, ఆఖరి రోజూ అదే.

"ఏం ఇది, అప్పడం మాదిరి ఉండాది. ఎండలో పెట్టొద్దు, పొంగుతాది," అంది అరుణ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని.

పెనుకొండ జూనియర్ కాలేజీలో ముప్ఫై ఏళ్ళు ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషి ఈ మాటకు నవ్వి ఊరుకున్నాడు. మరుసటి ఏడు అరుణ పోయింది, ఫోను మిగిలింది. ఏది ముందు పోవాలో పైన నిర్ణయించే ఆయనకు ఫోన్ల సంగతి బొత్తిగా తెలియదని వెంకటరాముడి అభిప్రాయం.

అప్పటి నుంచి ఆ ఫోను మధ్యాహ్నం అన్నం వేళకల్లా నిద్రపోయేది. ఇమ్మానుయేలు ఒక ఉపాయం చెప్పాడు. "రంగులు తీసేస్తాం సార్. బ్లాక్ అండ్ వైట్ పెడితే ఇంకో గంట వస్తాది." ఫిజిక్సు చెప్పినవాడిగా ఆయనకు దాని మీద అనుమానమే. అయినా గంట గంటే. మొదట్లో ఆ తెర మీద ఊళ్ళో వాళ్ళంతా దినాలకు వచ్చినట్టు కనిపించారు. ఆరు నెలలకు కళ్ళు అలవాటుపడ్డాయి. టమోటా ఎర్రగానూ వేపచెట్టు పచ్చగానూ కనిపించసాగాయి. రంగులు తీసేసిన సంగతే ఆయన మరిచిపోయాడు.

"ఇంకో ఫోను కొనండి సార్," అనేవాడు ఇమ్మానుయేలు.

"వచ్చే నెల ఒకటి వస్తుందంటున్నారు కదప్పా. పెద్ద బ్యాటరీ, సన్నటి ఒళ్ళు."

"మీ వచ్చే నెల రెండేళ్ళ నుంచి వస్తాండాది సార్. మన జిల్లాకు వాన వచ్చినట్టే. అల్పపీడనం అంటారు, ఆరంజి రంగు హెచ్చరిక అంటారు, అంతా పోయి నెల్లూర్లో పడుతుంది."

షాపులో మూలన ఇటుకంత లావు ఫోను ఒకటి ఉండేది. మూడు రోజులు చార్జింగు పెట్టకపోయినా పలుకుతుందట. గుట్టల్లో గొర్రెలు మేపుకునేవాళ్ళు అదే కొంటారని ఇమ్మానుయేలు చెప్పాడు. "చదువుకున్నోళ్ళు ముట్టుకోరు సార్. అందం లేదంట." వెంకటరాముడు కూడా దాన్ని ముట్టుకోలేదు.

ఇంతలో కూతురు హరిత పెళ్ళి కుదిరింది. హిందూపురంలో ఒక ల్యాబులో పనిచేస్తుంది, రోజూ రైలెక్కి పోయివస్తుంది. వాళ్ళ ఇంట్లో ఒక ఆచారం ఉంది. ముహూర్తం చీరను పెళ్ళికూతురి తల్లే ఎంచాలి. పీటల మీదికి పోయేముందు కట్టేదాకా పెళ్ళికూతురు దాన్ని చూడకూడదు. చిన్నాయన భార్య ఎంచుతానంటే హరిత ఒప్పుకోలేదు.

"అమ్మ పని నువ్వే చేయి నాయనా. నాకు నచ్చకపోయినా కట్టుకుంటా. కానీ నువ్వే తీయల్ల."

ఆయన ఉద్యోగంలో ఉండగా వేలమందికి మార్కులు వేశాడు. ఇప్పుడు ఒక్క చీరకు రంగు చెప్పమంటే భయపడ్డాడు. ఒక్కటే ధైర్యం. ఏ రంగో అరుణ ఎప్పుడో చెప్పింది. ఒకరోజు వంటింట్లో అరటిపువ్వు ఒలుస్తూ ఒక దొప్పను ఎత్తి చూపించింది. "హరిత ముహూర్తానికి ఈ రంగు. లోపలి ఎరుపు కాదు, ఈ పైపక్క రంగు. గుర్తుపెట్టుకో. నువ్వు పెళ్ళిరోజే మర్చిపోయే మనిషివి."

ధర్మవరంలో ఆయన పాత విద్యార్థి తిరుపాల్ మగ్గం నేస్తాడు. ఇంటర్లో ఫిజిక్సు రెండుసార్లు తప్పి, మూడోసారి పరీక్షకు పోకుండా మగ్గంలో కూర్చున్నాడు. వెంకటరాముడు అతనికి ఫోను చేసి అరటిపువ్వు రంగు అని చెప్పాడు. "అద్దకం ఆయప్పతో రకరకాలు వేయిస్తా సార్. మీరొచ్చి చూడండి," అన్నాడు తిరుపాల్.

పోవలసిన రోజు శుక్రవారం. రైలెక్కితే ధర్మవరం ఎంతసేపు? కానీ ఆ శుక్రవారమే, రెండేళ్ళుగా ఎదురుచూస్తున్న ఫోనును కంపెనీవాళ్ళు లోకానికి చూపిస్తున్నారు. వెంకటరాముడు ఉత్తరానికి పోవలసిన రైలు వదిలి, దక్షిణానికి పోయే బస్సెక్కి హిందూపురంలో దిగాడు.

షాపులో ఇమ్మానుయేలు గోడకున్న టీవీలో ఆ సంబరం పెట్టాడు. నల్లచొక్కా వేసుకున్న ఒకాయన వేదిక మీద అటూఇటూ నడుస్తూ ఫోనును పక్కకు తిప్పి చూపించాడు. కనబడలేదు. అంత సన్నం. జనం లేచి చప్పట్లు కొట్టారు.

"బ్యాటరీ?" అన్నాడు వెంకటరాముడు.

ఆ ముక్క తెర మీద అడుగున చిన్న అక్షరాల్లో వచ్చింది. పోయినసారి కంటే చిన్నది.

"దీంతో గడ్డం గీసుకోవచ్చు సార్," అన్నాడు ఇమ్మానుయేలు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఆ చీకట్లో వెంకటరాముడి ఫోను మోగింది. తిరుపాల్, వీడియో కాల్. నాలుగు శాతం చార్జింగు ఉంది.

"సార్, రాలేదే? అద్దకం ఆయప్ప పొద్దుగూకేలోపల చెప్పమంటాండాడు. ఇదో, దండెం మీద ఆరు చిట్టాలు వేసినా. చూడండి."

తెర మీద ఆరు పట్టునూలు కట్టలు ఊగాయి. మొదటిది మరీ నలుపు. రెండోది అంతకంటే నలుపు. మూడోది చూడగానే గుండె కుదుటపడింది. పొడి చల్లినట్టు, మెత్తగా, అచ్చం ఆ దొప్ప పైపక్కలా ఉంది.

"మూడోది."

"మూడోదా సార్?"

"మూడోదే తిరుపాల్."

"ముహూర్తానికే కదా సార్? అది—"

ఫోను కన్నుమూసింది.

మరుసటి పొద్దున తిరుపాల్ మళ్ళీ చేశాడు. "సార్, ఆ మూడోది..." అని నసిగాడు. అప్పటికి సన్నటి ఫోను మీద కోపం ఇంకా తగ్గని వెంకటరాముడు, "ఒకసారి చెప్పినాక మళ్ళీ అడుగుతావేమప్పా? నువ్వు మారలేదు," అన్నాడు. తిరుపాల్ మారలేదు. క్లాసులో మాదిరే నోరు మూసుకున్నాడు. పది రోజుల తర్వాత మగ్గం ఫోటో పంపాడు. అద్భుతంగా ఉందని వెంకటరాముడు బొటనవేలు గుర్తు పెట్టాడు.

ముహూర్తానికి ఇరవై రోజులుందనగా ఆయన స్వయంగా ధర్మవరం పోయాడు. తిరుపాల్ భార్య అంజనమ్మ గడపలో కూర్చుని రాట్నం మీద కండెలు చుడుతోంది. మగ్గంలో అటూఇటూ పోయే నాడెలో పెట్టే చిన్న నూలు గొట్టాలవి. ఆయన్ని చూసి లేచి, నవ్వాపుకుంటూ పక్కకు జరిగింది.

లోపల మగ్గం మీద పడుగు నూలు నిలువునా బారుగా సాగి ఉంది. బూడిద. కట్టెల పొయ్యిలో తెల్లవారి మిగిలే బూడిద. అప్పుడే మొదలుపెట్టిన చీర జానెడు దిగింది. అదీ బూడిదే.

వెంకటరాముడు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. బూడిద మారలేదు.

"ఇది ఎవరిదప్పా?"

"మీదే సార్. మూడోది."

"నేను అరటిపువ్వు రంగు కదా చెప్పింది!"

"మీ అరటిపువ్వులు ఐదు సార్. ఆ మూడోది బెంగుళూరు వాళ్ళెవురో ఆఫీసుకు కట్టుకుంటామని అడిగింది. దండెం మీద ఊరికే ఉన్నింది. మీరు మూడోదే అన్నారు."

"అడగొద్దా మరి?"

"అడిగినాను సార్. రెండుసార్లు అడిగినాను."

అంజనమ్మ ఇక ఆగలేకపోయింది. "ఈ చీర మగ్గమెక్కిన కాడి నుంచి వీధిలో అందరూ అడుగుతాండారు సారూ, ఎవురన్నా పోయినారా అని. నేను మొత్తుకున్నా. ఈయప్ప వింటేనా? సారు చదువుకున్నోరు, మనకు తెలీదులే అంటాడు."

"రంగు వస్తువులో ఉండదు, వెలుతుర్లో ఉంటాదని మీరే కదా సార్ చెప్పినారు," అన్నాడు తిరుపాల్ నేలచూపులు చూస్తూ. "పెళ్ళిపందిట్లో ఏదో వెలుతురు పెట్టిస్తారేమో అనుకున్నా. ఆ పాఠం నాకెప్పుడూ సరిగ్గా అర్థం కాలా."

వెంకటరాముడు ఫోను తీసి తిరుపాల్ పంపిన ఫోటో చూశాడు. దాన్ని మగ్గం పక్కన పెట్టి మళ్ళీ చూశాడు. రెండూ ఒకటే. ఆరు చిట్టాల్లో ఆ ఫోనులో తన అసలు రంగుతో కనిపించింది అదొక్కటే. తక్కినవన్నీ అబద్ధాలు, ఇదే నిజం చెప్పింది. నిజం చేతిలోనే ఆయన మోసపోయాడు.

జరిగింది చెప్పాడు. రంగులు తీసేయడం, నాలుగు శాతం, అన్నీ. చెబుతుంటే చెవులు కాలాయి. అంజనమ్మ పడీపడీ నవ్వి, ఆయన ముఖం చూసి ఆపేసింది. ముఖం అలా ఉంది మరి. తల్లి చేయవలసిన ఒక్క పని, అది కూడా చెప్పి పోయిన పని, ఇలా తగలబెట్టాడు. పందిట్లో హరిత ఈ చీర మడత విప్పుతుంది. నచ్చకపోయినా కట్టుకుంటానంది. అన్నమాట ప్రకారం కట్టుకుంటుంది కూడా. అదే ఆయనకు భయం.

"ఇంకో పడుగు..."

"అద్దకం, ఎండటం, పడుగు సాగదీయటం, అతకటం. ఇరవై దినాల్లో కాదు సార్," అన్నాడు తిరుపాల్.

అంజనమ్మ లేచి దండెం మీది నుంచి ఒక చిట్టం లాగింది. ముదురు ఎరుపు, వంకాయ వైపు తిరిగిన ఎరుపు. "పడుగు పోతే పోనీ. పేక మన చేతిలోనే ఉంది కదా. అడ్డంగా పోయే పోగు ఇది పెట్టి చూద్దాం, ఏమొస్తుందో."

రాట్నం తిరిగింది. ఒక కండె నిండింది. తిరుపాల్ మగ్గం కింది గుంటలో కాళ్ళు పెట్టి, నాడెలో కండె వేసి, అటూఇటూ విసిరాడు. రెండు వేళ్ళ మందం. నాలుగు వేళ్ళు. వెంకటరాముడు వంగి చూశాడు. ఇటు నుంచి చూస్తే ఎరుపు. తల కొంచెం వంచితే ఆ ఎరుపు మీద సన్నటి బూడిద పొడి, వేలితో రుద్దితే పోతుందేమో అన్నట్టు.

వేలితో రుద్దాడు. పోలేదు.

అరుణ ఎత్తి పట్టుకున్న దొప్ప మీద ఉన్నది సరిగ్గా ఆ పొడే. లోపలి ఎరుపు కాదు, పైపక్క రంగు అంది కదా. ఉట్టి ఎరుపు నూలుతో నేసివుంటే అది లోపలిదే అయ్యుండేది.

"ఇదే," అన్నాడు.

"మళ్ళీ అడగనా సార్?" అన్నాడు తిరుపాల్ అనుమానంగా.

"అడుగప్పా. ఎన్నిసార్లైనా అడుగు."

"ఇదేనా సార్?"

"ఇదే."

"ముహూర్తానికేనా?"

"ముహూర్తానికే."

"మరి ఆ జానెడు బూడిద?"

"అది నడుములోపల దోపుకునే చెంగు. సారు తప్పు ఎవురికీ కనపడదు," అంది అంజనమ్మ.

ఆ నాలుగు వేళ్ళ నేతను ఫోటో తీద్దామని వెంకటరాముడు ఫోను ఎత్తాడు. అది చేతిలో వేడిగా, కొత్త ఆకారంలో తగిలింది. వెనకరేకు ఒక పక్క లేచి ఉంది.

"సార్, మీ ఫోను నెల తప్పినట్టుండాది," అన్నాడు తిరుపాల్.

అప్పడం పొంగింది. అరుణ మాట నిజం కావడానికి మూడేళ్ళ పైచిలుకు పట్టింది. వెంకటరాముడికి నవ్వొచ్చింది. ఆ ఇంట్లో ఆయన నవ్వడం అదే మొదలు.

మరుసటి రోజు ఇమ్మానుయేలు దాన్ని పాము పిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని, మంట లేస్తే ఆర్పేందుకు ఇసుక డబ్బా పక్కన పెట్టుకుని విప్పాడు. "వచ్చే నెల ఇంకోటి వస్తాది సార్. ఈసారి నిజంగానే పెద్ద బ్యాటరీ అంటాండారు. ఆగుతారా?"

"ఆ ఇటుక ఇయ్యప్పా."

"గొర్రెల కాపర్లది సార్ అది."

"నాకూ ఒక గొర్రె ఉంది, నేనే," అన్నాడు వెంకటరాముడు.

పాతదాంట్లోని ఫోటోలన్నీ ఇమ్మానుయేలు కొత్తదాంట్లోకి మార్చి ఇచ్చాడు. తిరుగు బస్సులో ఆయన అరుణ ఫోటో తెరిచాడు. లేపాక్షి నంది ముందు నిలబడి, ఎండకు కళ్ళు చిట్లించి, తీసింది చాల్లే అన్నట్టు చెయ్యి అడ్డం పెట్టిన ఫోటో. అందులో చీర నీలం రంగని రెండేళ్ళుగా అనుకుంటున్నాడు. కాదు, ఆకుపచ్చ. పెనుకొండ వచ్చేదాకా ఆ ఆకుపచ్చనే చూశాడు. చార్జింగు ఒక్క శాతం కూడా తగ్గలేదు.

పెళ్ళికి నాలుగు రోజుల ముందు తిరుపాల్ చీర తెచ్చిచ్చాడు. వెంకటరాముడు దాన్ని పాత పంచెలో చుట్టి, తన గదిలో ఉన్న అరుణ బీరువాలో పెట్టాడు. తాళం పోయి చాలా ఏళ్ళయింది.

"చీర వచ్చిందంట?" అంది హరిత అన్నం పెడుతూ.

"వచ్చింది."

"ఏం రంగు?"

"చెప్పకూడదు."

"బాగుండాదా, అదన్నా చెప్పు."

"మీ అమ్మ చూసుంటే నన్ను ముందు తిట్టేది. తర్వాత ఊరుకునేది."

"అంటే బాగుండాది," అంది హరిత, ఇంకో ముద్ద సంగటి పెట్టి.

తొమ్మిదికి ఆయన పడుకున్నాడు. ఇటుక ఫోను కిటికీలో ఉంది, చార్జింగు పెట్టాల్సిన పని లేకుండా. కాసేపటికి హరిత వచ్చింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆమె దుప్పటి సర్ది, బీరువా ముందు ఆగింది. ఆ బీరువా తెరిస్తే కీచుమంటుంది. చిన్నప్పటి నుంచీ ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

వెంకటరాముడు ఊపిరి బిగబట్టి విన్నాడు. కీచుమనలేదు. అడుగులు వెనక్కి మళ్ళాయి. హరిత ఆయన గది తలుపును చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.