సినిమా సిరా

జమునియా ముందు బూడిదతో తోమింది. తర్వాత ఇటుక ముక్కతో, ఆ తర్వాత నిమ్మచెక్కతో. ఎడమచేతి చూపుడువేలు కంది మంటెత్తిందే గాని, గోరు మీది నల్లగీత చెక్కు చెదరలేదు. తెల్లవారితే పంచాయతీ ఓట్లు. సర్పంచ్ పదవికి నిలబడింది సాక్షాత్తూ ఆవిడే.

సరదాకి నిలబడలేదు. వాళ్ల వాడలో చేతిపంపు ఎండిపోయి రెండు వేసవులైంది. ఊరికి బోరు ఒకటి మంజూరైంది, అది ఎక్కడ వేయాలో తేల్చేది సర్పంచ్. ఈసారి ఆ పదవి దళిత మహిళకు రిజర్వయింది. ఊరి పెద్ద ఠాకూర్ రఘురాజ్ సింగ్‌ను అందరూ దావూ అంటారు. ఆయన తన గొడ్లచావిట్లో పేడ ఎత్తే గెందాబాయిని నిలబెట్టాడు. దావూ కనుసైగ లేకుండా ఆ మనిషి నోరు విప్పదు. ఆవిడ గెలిస్తే బోరు దావూ పెరట్లోకి, జమునియా గెలిస్తే వాడలోకి. వాడంతా ఒక్కమాట మీద ఉంది కాబట్టి గెలుపు ఖాయమనే అనుకున్నారు.

సరిగ్గా అప్పుడే ఊడిపడ్డారు సినిమావాళ్లు.

బొంబాయి నుంచి వచ్చారు. ప్రజాస్వామ్యం మీద నవ్విస్తూ ఏడిపించే హిందీ సినిమా అట. ఊరి బడికి సున్నం కొట్టి, షామియానా కట్టి, ఉత్తుత్తి పోలింగ్ బూత్ పెట్టారు. "పేద మొహాలు కావాలి" అన్నాడు డైరెక్టరు. మా ఊరు బర్ఖేరాలో వాటికేం కరువు! జమునియాయే ఇల్లిల్లూ తిరిగి వాడంతటినీ బయల్దేరదీసింది. పూరీలూ గుమ్మడికాయ కూరా పెట్టారు. "అమ్మా, ఎండలో వద్దు, నీడకు రండి" అన్నారు. పుట్టి బుద్ధెరిగాక ఓటేసే చోట వాళ్లనెవరూ అంత మర్యాదగా పిలిచిన పాపాన పోలేదు.

వేళ్లకు సిరా పెట్టే గుమాస్తా వేషం దావూ మేనల్లుడు పుష్పేంద్రకు దక్కింది. సినిమావాళ్ల రంగు చెమటకు కారిపోతుంటే డైరెక్టరు తల పట్టుకున్నాడు. అప్పుడు ఎక్కడి నుంచో ఇంకో సీసా తెచ్చింది కూడా పుష్పేంద్రే.

"ఇది పోతుందా లల్లా?" అని మరిదిని పిలిచినట్టు పిలిచి అడిగింది జమునియా.

"సినిమా సిరా భౌజీ! సబ్బు పెడితే పోతుంది. వేలు పైకెత్తి నవ్వు, కెమెరా నిన్నే చూస్తోంది."

నవ్వింది, పిచ్చిది. ఆమె వెనకాల వాడంతా వరసగా వేళ్లు చాపింది.

ఓట్ల రోజు బడి గోడల మీద ఆ సున్నం అలాగే ఉంది గాని షామియానా సినిమావాళ్లతోనే పోయింది. మండుటెండలో వరస కట్టారు. అందరికన్నా ముందు హల్కే దద్దా. ముసలాయన రాత్రి కొడవలితో గోరు గీక్కుని వేలికి గుడ్డ కట్టుకొచ్చాడు. ప్రిసైడింగ్ ఆఫీసరు గుడ్డ విప్పమన్నాడు. నెత్తురు కింద నల్లమచ్చ భద్రంగా ఉంది.

"అభ్యంతరం సార్" అని లేచాడు గెందాబాయి తరఫు ఏజెంటు. ఎవరనుకున్నారు? పుష్పేంద్ర. "వేలి మీద గుర్తుంది."

జమునియాకు ఒళ్లు మండిపోయింది. "సార్, అది సినిమాలో పెట్టింది! పెట్టింది ఇతనే! సబ్బుతో పోతుందన్నాడు, అడగండి!"

"అది నటన సార్, ఇది చట్టం. ఆ మచ్చ సినిమాదో, ఇంకో బూత్‌లో ఓటేసొచ్చిందో నేనెట్లా చెప్పను?" అన్నాడు పుష్పేంద్ర, మొహంలో చిన్న నవ్వైనా లేకుండా.

అప్పుడు వెలిగింది జమునియాకు, ఆ సీసా ఎక్కడిదో, ఎందుకు తెచ్చాడో. అది అసలు ఓట్ల సిరా.

ఆఫీసరు పక్క ఊరి బడి మాస్టారు, మెత్తటి మనిషి. పై అధికారికి ఫోన్ చేశాడు. రూలు ఏం చెబితే అది చెయ్యమన్నారు అవతల నుంచి. మాస్టారు చెమట తుడుచుకున్నాడు. "నాకు తెలుస్తూనే ఉందమ్మా. కానీ గుర్తున్న వేలికి ఓటు కాగితం ఇవ్వకూడదు. రేపు నామీద ఫిర్యాదు పెడితే నా పిల్లలకు కూడు పెట్టేదెవరు?"

"నేను పోటీలో ఉన్నదాన్ని సార్. నా ఓటు నేనైనా వేసుకోవద్దా?"

"ఏదీ, వేలు చూపించు తల్లీ."

వేలెత్తింది. ఈసారి నవ్వమని ఎవరూ అనలేదు.

వాడకు వాడే వెనక్కి తిరిగింది. మంచాన పడి షూటింగుకు రాలేకపోయిన ముసలివాళ్లనూ, ఒక బాలింతనూ మోసుకొచ్చి వేయించిన ఓట్లే ఆమెకు పడ్డాయి. హల్కే దద్దా గేటు దగ్గర కూలబడి అరిచాడు: "ఉత్తుత్తి ఓటుకు పూరీలు పెడితిరి, అసలు ఓటుకు మెడపట్టి గెంటితిరి! థూ!" ఆడవాళ్లు మాత్రం జమునియా వైపే చూశారు. "తీసుకుపోయింది నువ్వేగా" అంది వరసలోంచి ఒకామె. ఆ రోజు ఎండ కన్నా ఆ మాటే జమునియాను ఎక్కువ కాల్చింది.

గెందాబాయి గెలిచింది, పూలదండ దావూ మెళ్లో పడింది, బోరు ఆయన పెరట్లో పడింది. వాడవాళ్లు అందరి తర్వాత వచ్చి పట్టుకోవాలి, అదీ ఆయన దయ.

చలికాలంలో సినిమా విడుదలైంది. పెద్దపెద్దవాళ్లు మెచ్చుకున్నారట. అందులోంచి ఒక బొమ్మ తీసి, ఓటర్లను మేల్కొలపడానికని ఊరూరా పోస్టర్లు అంటించారు. మా ఊళ్లో అందరూ చూసే చోటేది? దావూ పెరటి గోడ. బోరు పక్కనే జమునియా వేలెత్తి పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది. కింద పెద్ద అక్షరాలు: మీ ఓటే మీ బలం.

జమునియా బిందె పంపు కింద పెట్టింది. మోటారు గది గడపలో పుష్పేంద్ర పుల్లతో పళ్లు కుట్టుకుంటున్నాడు.

"స్టార్‌వైపోయావు భౌజీ! ఏదీ, ఇంకోసారి వేలెత్తు, చూద్దాం."

ఆమె వేలు చూసుకుంది. గోరు పెరిగి మచ్చ ఎప్పుడో పోయింది. ఎత్తి అతని మొహం ముందు పెట్టింది. "చూడు లల్లా, కడిగినట్టుంది. ఇప్పుడు వెయ్యనిస్తావా?"

"ఐదేళ్లాగు" అని నవ్వి, చెయ్యి చాపి మోటారు ఆపేశాడు. "మీ వాడ వంతు అయిపోయింది."

బిందె సగమే నిండింది.