సగం పానకం

"నీళ్లు తాగు స్వర్ణా. ఎండ ముదురుతున్నది, తాగు," అంటూ వీరమ్మ సీసా మూత తీసి మరీ కోడలి చేతిలో పెట్టింది.

కారు కోదాడ దాటి పావుగంట కూడా కాలేదు. మిర్యాలగూడలో ఇంట్లోంచి కదిలేటప్పుడు ఒక సీసా, హుజూర్‌నగర్‌లో చాయ్ కోసం ఆగినప్పుడు ఇంకో సగం, ఇప్పుడిది. స్వర్ణ సీసా పట్టుకుని కూర్చుంది గానీ తాగలేదు. అత్తగారు ప్రేమగా మంచినీళ్లిస్తే అనుమానపడే కోడలు తనొక్కతే ఉంటుందేమో అనుకుంటే ఆమెకే నవ్వొచ్చింది. కానీ పెళ్లయిన ఆరేళ్లలో ప్రయాణం అనేసరికి అత్తగారి నోట విన్నది ఒక్కటే మాట. "నీళ్లు తాగకు. మొగోళ్లయితే ఏ చెట్టు సాటుకన్న పోతరు. నిన్ను ఏడికి తీస్కపోవాలె?" మట్టపల్లి గుడికి పోయినా, చుట్టాల పెళ్లికి పోయినా, ముందు రోజు సాయంత్రం నుంచే నోరు కట్టేసుకోవాలి. జ్యోత్స్న కడుపులో ఉన్నప్పుడు ఎనిమిదో నెలలో సూర్యాపేట బస్సులో నాలుక పిడచకట్టుకుపోయి రెండు గుక్కలు తాగితే దారంతా సాధించింది. ఆ నోరే ఇవాళ తాగు, తాగు అంటున్నది.

అసలు ఈ ప్రయాణమే వింత. స్వర్ణ ఇంటర్ మొదటి ఏడాదిలో ఉండగా కాలేజీ వాళ్లు బెజవాడ తీసుకుపోతామన్నారు. దుర్గమ్మ కొండ, బ్యారేజీ, ఉండవల్లి గుహలు, మంగళగిరి అని బోర్డు మీద వరసగా రాశారు. నాయన వద్దన్నాడు. వచ్చే ఏడు పోవచ్చులే అనుకుంది. వచ్చే ఏడు కాలేజీయే లేదు, మేనబావతో పెళ్లి. పెళ్లయిన కొత్తలో ప్రశాంత్‌ని ఒకటికి నాలుగుసార్లు అడిగింది, ఒక్కసారి కృష్ణను అక్కడ చూద్దామని. "కృష్ణ మన వాడపల్లి కాడ లేదా? గా నీళ్లే గాడికి పోతయి," అన్నాడు. బియ్యం మిల్లులో సూపర్‌వైజర్ అతను, ఆదివారం కూడా ఖాళీ ఉండదు. అలాంటివాడు మొన్న మంగళవారం అన్నం తింటూ తింటూ, దోస్తు కారు ఇస్తానన్నాడు, శుక్రవారం బెజవాడ పోదాం అన్నాడు. ఆ బోర్డు మీద ఉన్నవన్నీ అదే వరసలో చెప్పాడు. ఆమె సంతోషపడాలి. పడబోయి, ఎందుకో ఆగింది.

ఆ ఆగిన చోటునుంచే ఒక్కొక్కటీ కళ్లబడుతూ వచ్చాయి. పొద్దున నాలుగింటికి లేచి పులిహోర కలిపి, చపాతీలు కాల్చి, పిల్లకు పాలు కాచి, ప్రశాంత్ చొక్కా ఇస్త్రీ చేసి, అంట్లు తోమి తను స్నానానికి పోయేసరికి, "టూరు పోతున్నం గదా, నీకింక పనేముంది, జల్ది కానియ్," అన్నాడు ప్రశాంత్. అది మామూలే. మామూలు కానిది, స్నానం చేసి వచ్చేసరికి ఆమె పర్సులోని ఆధార్ కార్డు టీవీ పక్కన ఉండటం. బస్సు ఉచితమైనప్పటి నుంచి ఊళ్లో ఏ ఆడదీ కార్డు లేకుండా గడప దాటదు. వీరమ్మయితే తన కార్డును రవికెలోనే పెట్టుకుంటుంది. "కారుల పోతున్నం గదనే, కార్డెందుకు? గుంపుల యాడన్న పడిపోతే మల్ల పరేషాన్," అంది వీరమ్మ. తన కార్డు మాత్రం తీయలేదు. స్వర్ణ తలూపి, చెప్పులు వేసుకునే ముందు ఆ కార్డును జ్యోత్స్న వెంట తెచ్చుకునే పలక సంచిలోకి జారవిడిచింది. ఎందుకలా చేసిందో ఆమెకే తెలియదు.

ఇంకొకటి కూడా ఉంది. స్వర్ణకు నాలుగో నెల. వాడకట్టులో ఆశా వర్కర్‌గా గర్భిణుల పేర్లు రాసుకుని కాన్పు దాకా ఆరా తీసే కరుణ ప్రతి వారం గుమ్మం ముందు ఆగి, కోడలు నెల తప్పిందా పెద్దమ్మా అని అడుగుతుంది. ప్రతిసారీ వీరమ్మే బయటికి పోయి లేదంటుంది. "జ్యోత్స్నప్పుడు రెండో నెలకే రాయించినం గదా అత్తమ్మా," అంటే, "అప్పుడు తెల్వక రాయించినం. దిష్టి తగుల్తది. ఐదో నెల రానీ, గప్పుడు సూద్దం," అంది.

దుర్గమ్మ కొండ మీద జనం కిటకిటలాడుతున్నారు. క్యూలో గంటన్నర నిలబడ్డారు. అమ్మవారి ముందు క్షణం కూడా నిలవనీయలేదు, ఆ క్షణంలోనే వీరమ్మ మనవరాలి రెండు చేతులు దగ్గరికి జోడించి, "తమ్ముడు కావాల్నని మొక్కు," అంది. నాలుగేళ్ల జ్యోత్స్న చేతులు జోడించి అమ్మవారి ముక్కుపుడక కేసి చూస్తూ, "చెల్లె వస్తే?" అంది. వెనకనున్నవాళ్లు నవ్వారు. వీరమ్మ నవ్వలేదు. "గట్ల అనొద్దు," అని పిల్ల నెత్తిన చిన్నగా మొట్టింది.

కొండ దిగి బ్యారేజీ మీద కారు ఆపారు. ఒక పక్క కృష్ణ నిండుగా, గాలికి అలలు లేస్తూ ఉంది. మరో పక్క ఇసుక దిబ్బలు, వాటి మధ్య పాయలు. ఇన్నేళ్లుగా చూడాలనుకున్న నది ఎదురుగా ఉంది, కానీ పొత్తికడుపు బరువెక్కి, ఎక్కడ చాటు దొరుకుతుందా అన్నదే ఆమె ధ్యాస. ప్రశాంత్ నాలుగడుగుల దూరం పోయి ఫోన్ మాట్లాడుతున్నాడు. గాలి ఇటే వీస్తోంది. "తాగుతున్నదక్కా... అమ్మ తాపుతున్నది... ఆ, మూడింటికి." అక్కంటే సుమిత్ర, కోదాడలో ఉండే ఆడబిడ్డ.

"మూడింటికి ఏముంది బావా?" అని అడిగింది స్వర్ణ, కారెక్కాక.

"అక్క దోస్తు ఒకామె ఉన్నది ఈడ. భోజనానికి రమ్మన్నది."

"మరి పులిహోర చేయించినవ్ గదా?"

"గది తొవ్వల తినటానికి. అన్నిటికి సవాళ్లేంది నీకు? గుళ్లు సూపియ్యమంటివి, సూపిస్తున్న."

ఉండవల్లి గుహల్లో చల్లగా ఉంది. పై అంతస్తులో ఒకే రాతిలో చెక్కిన స్వామి వెల్లకిలా పడుకుని ఉన్నాడు, ఇంత పొడవున. జ్యోత్స్న ఆ చివర నుంచి ఈ చివరకు అడుగులు వేస్తూ కొలుస్తోంది. స్వర్ణ చూస్తూ నిలబడింది. వెల్లకిలా. కదలకుండా. మాట్లాడకుండా. చుట్టూ నిలబడ్డవాళ్లు ఏమేమో మాట్లాడుకుంటుంటే పైకప్పు చూస్తూ పడుకోవటం ఆమెకు తెలుసు. రెండేళ్ల కింద, జ్యోత్స్న తర్వాత మళ్లీ నెల తప్పినప్పుడు, సూర్యాపేటలో ఒక సందులో, బోర్డు లేని గదిలో అలాగే పడుకుంది. రక్త పరీక్ష అని తీసుకుపోయారు. కడుపు మీద చల్లటి జిగురు రాశారు. మాస్కు కట్టుకున్న ఆమె తెరను అటు తిప్పుకుంది గానీ చప్పుడును తిప్పలేకపోయింది. కుట్టుమిషన్ తొక్కినట్టు ఎడతెగకుండా, గబగబా, ఒక చప్పుడు. మర్నాడు సుమిత్ర వదిన గోలీలు తెచ్చింది. బిడ్డ గుండె కొట్టుకుంటలేదట, లోపలే ఉంటే నీకే కష్టమట. "నేను విన్న వదినా, కొట్టుకున్నది," అంటే ప్రశాంత్ అందుకున్నాడు. "అది నీ గుండె సప్పుడే. ఇంటర్ ఫెయిలైనదానివి, డాక్టర్ కంటే నీకెక్కువ తెలుసా?" ఆమె ఫెయిల్ కాలేదు. రాయనివ్వలేదు. నాలుగు రోజులు రక్తం పోయింది, ఐదో రోజు నల్లా దగ్గర బట్టలు ఉతుకుతోంది. ఆ తర్వాత ఎన్నోసార్లు పొయ్యి ముందు నిలబడి మెడ మీద వేలు పెట్టుకుని లెక్కపెట్టుకుంది. మనిషి గుండె నిమిషానికి డెబ్బై రెండుసార్లు అని బైపీసీ పుస్తకంలో ఉంది. తనదీ అటూ ఇటూగా అంతే. ఆ రోజు విన్నది అందుకు రెట్టింపు. లెక్క తేలేది, తేలగానే వేలు తీసేసేది. నమ్మితే ఈ ఇంట్లో ఎలా ఉండాలి?

ఆ పొద్దున కూడా, ఇప్పుడు గుర్తొచ్చింది, వీరమ్మ చెంబుతో నీళ్లు తాపింది.

మంగళగిరి కొండ మీదికి కారు ఎక్కేసరికి పన్నెండున్నర. పానకాల స్వామి దగ్గర వరస నెమ్మదిగా కదులుతోంది. వీరమ్మ మళ్లీ సీసా తీసింది. స్వర్ణ ఒంటికి పోయి వస్తానంటే, "దర్శనం కానియ్, ఇంకో గంట ఓపిక పట్టు బిడ్డా," అంది. బిడ్డా అన్నది కూడా ఇవాళే. ముందు వరసలో నిలబడ్డ ఒక పెద్దామె, చేతుల నిండా పాత దంతపు గాజులు, ఇటు తిరిగి చూసింది.

"యాడికెళ్లి వచ్చిండ్రమ్మా?"

"మిర్యాలగూడ," అంది స్వర్ణ.

"మాది దామరచర్ల పక్క తండా. నా పేరు భూలి. ఏడుగురం వచ్చినం బస్సుల. బార్డర్ దాకా మనం టికెట్ కొనే చుట్టాలం, ఆధార్ కార్డు ఉంటే కోదాడ కాడికెళ్లి ఫ్రీగ పోయే మహారాణులం." ఆమె వెంట వచ్చినవాళ్లు నవ్వారు. భూలి వీరమ్మ చేతిలోని సీసాను, దానికి ఎదురుగా ముఖం చిట్లించుకున్న స్వర్ణను మార్చి మార్చి చూసింది. "ఏంది చెల్లె, కోడలికి గట్ల నీళ్లు పోస్తున్నవ్? గుడికి తెచ్చినవా, స్కానింగ్‌కు తెచ్చినవా?"

అందరూ మళ్లీ నవ్వారు. ఎవరేమన్నా ఒకటికి రెండు అప్పజెప్పే వీరమ్మ సీసా మూత బిగించి, మెల్లగా చీర కుచ్చిళ్ల వెనక పెట్టుకుంది. ప్రశాంత్ ఫోన్ తీసి, రాని ఫోన్ చూసుకున్నాడు.

స్వర్ణ అడగాల్సింది ఇంకేమీ లేకపోయింది.

లోపల పూజారి స్వామి నోట్లో శంఖంతో బెల్లం పానకం పోస్తున్నాడు. విగ్రహం లేదు, తెరిచిన నోరొక్కటే. గుటగుటమని చప్పుడు, మనిషి దాహంతో తాగినట్టే. ఎవరెంత తెచ్చినా స్వామి సగమే తాగి సగం వదిలేస్తాడట. చప్పుడు ఆగింది. పూజారి శంఖం పక్కన పెట్టి, మిగిలిన పానకం బిందెను ఇవతలికి జరిపాడు. ఇంకొంచెం తాగమని ఎవరూ బతిమాలలేదు. నీ మంచికే అని ఎవరూ పోయలేదు. జ్యోత్స్న తల్లి కొంగు లాగి, "సాలంటున్నడా అమ్మా?" అని అడిగింది.

"సాలంటున్నడు."

బయటికొచ్చాక వీరమ్మ పెద్ద గ్లాసు నిండా పానకం పోసి అందించింది. "తాగు. ప్రసాదం కాదనొద్దు."

స్వర్ణ పిల్ల దోసిట్లో కొంచెం పోసింది, ఒక గుక్క తను తాగింది, గ్లాసు అత్తగారి చేతిలో పెట్టేసింది. "సాలత్తమ్మా." అంటూనే మరుగుదొడ్ల వైపు నడిచింది.

"ఆగు. ఇప్పుడు పోవద్దు," అంది వీరమ్మ వెనకనుంచి. గొంతు గట్టిగానే వచ్చింది.

"ఎందుకు?"

వీరమ్మ కొడుకు వంక చూసింది. కొడుకు, "అమ్మ చెప్పింది ఇనరాదు," అన్నాడు, నేలకేసి చూస్తూ.

ఆ ఇరుకు గదిలో, విరిగిన గడియను ఒక చేత్తో పట్టుకుని కూర్చున్నప్పుడు, పొద్దుటి నుంచి వాళ్లు తనలో నింపినదంతా పోతుంటే, స్వర్ణ తనకు ఏడుపొస్తుందనుకుంది. రాలేదు. ఒళ్లు తేలికైంది, అంతే. వాళ్లు మళ్లీ తాపుతారని తెలుసు. మూడు కాకపోతే ఐదింటికి తీసుకుపోతారు. ఈ శుక్రవారం కాకపోతే వచ్చే శుక్రవారం. మళ్లీ వెల్లకిలా పడుకోబెడతారు, మళ్లీ తెర అటు తిప్పుకుంటారు. లోపల ఉన్నది ఆడో మగో ఆమెకు తెలియదు. తెలుసుకోవాలని లేదు కూడా. చెల్లె వస్తే అని జ్యోత్స్న అడిగినదానికి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.

కారు దగ్గర ప్రశాంత్ తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. ఆమె ఎక్కలేదు. లోపలికి వంగి పిల్ల పలక సంచి తీసుకుని భుజానికి వేసుకుంది.

"బావా, ఒక్కటడుగుతా. సూర్యాపేటల ఆ మిషిన్‌ల నేనిన్న సప్పుడు ఎవలది?"

నీదే అంటాడని చూసింది. రెండేళ్లుగా చెప్పిందే మళ్లీ ఒకసారి చెబితే, అలవాటు కొద్దీ నమ్మి కారెక్కి ఉండేదేమో. ప్రశాంత్ తాళం చెవులను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"అయిపోయినదాన్ని ఇప్పుడెందుకు తవ్వుతున్నవ్?"

కొండ దిగే ఆటోలో భూలి బృందం ఒకరి మీద ఒకరు ఎక్కుతున్నారు. స్వర్ణ పిల్లను చంకనేసుకుని అటు నడిచింది. వెనక వీరమ్మ ఏదో అంటోంది, ప్రశాంత్ పేరు పెట్టి పిలుస్తున్నాడు, నలుగురు చూస్తున్నారని గొంతు తగ్గించి. "అవ్వా, బస్‌స్టాండ్ దాకా నేను గూడ వస్త," అంది స్వర్ణ. భూలి ఆమె ముఖంలోకి ఒకసారి, కారు వంక ఒకసారి చూసింది. "జరుగుండ్రే, పోరి ఉన్నది," అని తనవాళ్లను గదమాయించింది. "కార్డున్నదా బిడ్డా?"

"ఉన్నది."

కోదాడలో దిగితే పుట్టినూరు అనంతగిరి ఎంతో దూరం లేదు, అమ్మ ఇంట్లోనే ఉంటుంది. అక్కడిదాకా ఆలోచించింది, ఆ తర్వాతది తోచలేదు. ఆటో మలుపు తిరుగుతుంటే కింద ఊరంతా, ఊరి అవతల ఎక్కడో సన్నగా మెరుస్తూ నది కనిపించాయి. జ్యోత్స్నకు చూపించింది. తర్వాత ఫోన్ తీసింది.

"కరుణక్కా, నేను స్వర్ణను. వీరమ్మ కోడల్ని. నా పేరు రాసుకో. నాలుగో నెల."

"అదేందే, నిన్ననే మీ అత్త లేదన్నది గదా?"

"ఆమెను అడిగితే లేదనే అంటదక్కా," అంది స్వర్ణ. "నన్నడుగు."