దడి కట్టే పోశన్న చెప్పిన గుర్రం

తొంభై ఏడు ఫిబ్రవరిలో, పందెం ఇంకా పన్నెండు రోజులుందనగా, మా లాయం మేనేజరు డొనెలన్ గారికి పచ్చకామెర్లొచ్చి హాస్పిటల్లో చేరారు. ఆయనది ఐర్లండ్. గుర్రాల గురించి కాయితం మీద ఏ ముక్క పెట్టాలన్నా ఆయన చెప్పాలి, నేను టైపు చెయ్యాలి. నా పేరు పెర్సిస్. మాది గుడివాడ దగ్గర. మా ఆయన ఎడ్వర్డ్ దోహాలో ఏసీల కంపెనీలో చేసేవారు. అల్ ముంతజాలో రెండు గదుల్లో ఉండేవాళ్ళం. నేను రోజూ వ్యానులో అబూ హమూర్ దాటి, ఇళ్ళన్నీ అయిపోయాక వచ్చే ఖాళీ నేలలో ఉన్న లాయానికి వెళ్ళొచ్చేదాన్ని.

లాయం యజమానిని అందరం అర్బాబ్ అనేవాళ్ళం. ఆ దేశంలో గుర్రప్పందెమంటే చదును నేల మీద దౌడే. మా అర్బాబ్ మాత్రం చదువుకోడానికి ఐర్లండ్ వెళ్ళినప్పుడు అక్కడ గుర్రాలు అడ్డాలు దూకుతూ పరిగెత్తడం చూసి మనసు పారేసుకున్నారట. తిరిగొచ్చాక తన నేలలోనే మూడు కిలోమీటర్ల ట్రాకు వేయించి, దాని పొడుగునా ఖర్జూరపు మట్టలతో పన్నెండు దడులు కట్టించి, ఒక చోట నీటి గుంట కూడా తవ్వించారు. ఏటా చలికాలంలో ఒక శుక్రవారం స్నేహితుల గుర్రాల్ని కూడా పిలిచి అక్కడ పందెం పెట్టేవారు. నెల ముందే గుర్రాలన్నీ మా లాయానికి చేరి, ఆ దడుల మీదే సాధన చేసేవి.

డబ్బు పందెం కాయడం అక్కడ లేదు. వచ్చిన అతిథులకి గేటు దగ్గర ఒక కార్డు ఇచ్చేవాళ్ళం. ఏ గుర్రం ఎలాంటిది, ఏది మొదట వస్తుంది, ఏవి రెండు మూడు వస్తాయి అని డొనెలన్ గారి అంచనా అందులో ఉండేది. అది చదువుకుని, వాదులాడుకుని, ఎవరి అంచనా వాళ్ళు రాసి పెట్టెలో వేసేవాళ్ళు. మూడూ సరిగ్గా చెప్పినవాళ్ళకి వెండి కాఫీ కూజా బహుమానం. కార్డులో మాట నిజమైతే డొనెలన్ గారు ఏడాదంతా తలెత్తుకు తిరిగేవారు.

ఆయన హాస్పిటల్ నుంచి ఫోన్ చేసి, కిందటేటి కార్డు తీసి తారీఖు మార్చమన్నారు. అర్బాబ్ సొంత గుర్రం షిహాబ్ పేరు పైన పెట్టేస్తే సరిపోతుందన్నారు. షిహాబ్ బూడిదరంగు గుర్రం. దౌడులో దాన్ని అందుకునేది లేదని లాయమంతా చెప్పుకునేది. కానీ ఈసారి వచ్చిన ఏడింటిలో నాలుగు కొత్తవి. కిందటేటి మాటలు వాటికి ఎలా అతుకుతాయి? తెలియని గుర్రం గురించి తెలిసినట్టు టైపు చెయ్యడానికి నా వేళ్ళు రాలేదు. మర్నాడు పొద్దున్నే ఆరింటి వ్యానుకి వచ్చి ట్రాకు దగ్గరికి నడిచాను.

గుర్రాలు అప్పుడే దూకి వెళ్ళిపోయాయి. ఎనిమిదో దడి దగ్గర ఒక మనిషి మోకాళ్ళ మీద కూచుని, విరిగిన మట్టలు పీకి కొత్తవి కడుతున్నాడు. నలభై అయిదేళ్ళుంటాయి. తలకి ఎర్ర గళ్ళ గుడ్డ. కడుతూ తనలో తను గొణుక్కుంటున్నాడు. "ముంగటి కాళ్ళు మంచిగనే లేపుతవు. ఎన్క కాళ్ళు ఎవని కోసం దాసుకున్నవే." నేను అక్కడే ఆగిపోయాను. మూడేళ్ళుగా ఆ లాయంలో పనిచేస్తూ, అక్కడ ఇంకో తెలుగు మనిషి ఉన్నాడని నాకు తెలియదు.

అతని పేరు పోశన్న. ఆర్మూరు దగ్గర పల్లె. తండ్రి నిజామాబాదులో జట్కా తోలేవాడు. జట్కాలు పోయి ఆటోలొచ్చాక పోశన్న కూలి పనికి తిరిగి, ఆఖరికి ఆరేళ్ళ కిందట కన్‌స్ట్రక్షన్ కంపెనీ వీసా మీద ఖతర్ వచ్చాడు. ఈ ట్రాకు వెయ్యడానికి వచ్చిన గుంపులో ఒకడు. పని అయిపోయాక అందరూ వేరే సైటుకి పోతే, దడులు బాగుచెయ్యడానికి ఇతన్ని ఉంచేశారు. కూలీల క్యాంపు నుంచి లారీలో వచ్చి, ఎండెక్కేదాకా పన్నెండు దడులూ చూసుకుని వెళ్ళిపోయేవాడు. ఆఫీసు వైపు రావలసిన పనే ఉండేది కాదు.

ఎవర్ని తిడుతున్నారని అడిగితే సిగ్గుపడ్డాడు. తర్వాత చెప్పాడు, షిహాబ్‌నని. అది వెళ్ళిపోయాక కదా మీరు వచ్చింది, దాని కాళ్ళ సంగతి మీకెలా తెలుసన్నాను. మట్టలు చూపించాడు. ముందు వైపు మట్ట విరిగితే ముందరి గిట్ట తగిలినట్టు. పైకొసలు అవతలికి వంగి చీలితే వెనక కాళ్ళు ఈడ్చినట్టు. ఎడం పక్క మట్టలే నలిగితే ఆ గుర్రం తిన్నగా దూకక పక్కకి జరిగినట్టు. చీలికల్లో వెంట్రుకలు ఇరుక్కుంటాయి, వాటి రంగు చూస్తే ఏ గుర్రమో తెలిసిపోతుంది. షిహాబ్ మొదటి ఏడు దడులూ నున్నగా దాటుతుందట. ఎనిమిదో దాని నుంచి రోజూ పైకొసలు చీలుతున్నాయట.

నేను నమ్మీ నమ్మనట్టు వింటున్నానని అతనికి అర్థమైంది. మర్నాడు నేనే ఒక పరీక్ష పెట్టాను. గుర్రాలొచ్చే వేళకి అతన్ని మేత గోదాము వెనక్కి పంపి, నేను తొమ్మిదో దడి దగ్గర నిలబడి దూకినవాటిని రాసుకున్నాను. నాలుగు దూకాయి. అప్పుడు పిలిచాను. పోశన్న దడి ముందు కూచున్నాడు, వెనక్కి వెళ్ళి చూశాడు, ఇసకలో గిట్టల గుర్తుల జోలికి మాత్రం పోలేదు. ఖైబర్ అన్నాడు. సంజాబ్ అన్నాడు. షిహాబ్ అన్నాడు. మూడూ నిజమే.

నాలుగోది ఏదని అడిగాను.

"నాలుగోది ఉన్నదా? నాకైతే కనవడ్తలేదు," అన్నాడు. కాసేపు మళ్ళీ చూశాడు. "ఉంటే రీమ్ అయి ఉంటది మేడమ్. అది దుంకితే దడికి తెల్వది."

నా కాయితంలో నాలుగో పేరు రీమే. చిన్న గోధుమరంగు ఆడగుర్రం. ఎవరో స్నేహితుడు పంపిస్తే వచ్చింది. దాన్ని లాయంలో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఆ రోజు నుంచి మేడమ్ అనొద్దని చెప్పాను. అతను నన్ను చెల్లె అనీ, నేను అతన్ని అన్నా అనీ పిలుచుకున్నాం.

ఆరు రోజులు పొద్దున్నే వెళ్ళాను. పోశన్న చెప్పేవాడు, నేను రాసుకునేదాన్ని, ఆఫీసుకెళ్ళి ఇంగ్లీషులో పెట్టేదాన్ని. ఏడు గుర్రాలకీ ఏడు పేరాలు. ఖైబర్ మొరటుది, దడిని గుద్దుకుంటూ పోతుంది గాని పన్నెండోదాకా బలం తగ్గదు. సంజాబ్ నీటి గుంట చూస్తే బెదురుతుంది. రీమ్ దౌడులో వెనకబడుతుంది, కానీ ప్రతి దడి దగ్గరా ఒక అడుగు కలిసొస్తుంది. పన్నెండు దడులకి పన్నెండు అడుగులు. చివర్లో అంచనా రాశాను. మొదట రీమ్, తర్వాత ఖైబర్, మూడు షిహాబ్.

లియాఖత్ అలీ గారు అది చూసి తలపట్టుకున్నారు. ఆయన లాయం ఫోర్‌మన్, పెషావర్ మనిషి, ముప్ఫయ్యేళ్ళు గుర్రాల మధ్య బతికినవాడు. అర్బాబ్ ఇంట్లో అర్బాబ్ అచ్చేయించే కార్డు మీద అర్బాబ్ గుర్రాన్ని మూడో చోట పెడతారా అన్నారు. అదీ టైపిస్టూ కూలివాడూ కలిసి. నీ ఉద్యోగం సంగతి ఎలా ఉన్నా, వాడికి మాత్రం ఇంటికి టికెట్ ఇచ్చి పంపించేస్తారని ఉర్దూలో మెల్లగా చెప్పారు. బెదిరింపు కాదది, మా మంచి కోరే అన్నారు. అందుకే నాకు ఎక్కువ భయమేసింది.

పోయేది ముందు పోశన్నదే కాబట్టి అతన్నే అడిగాను. మార్చమంటే మార్చేస్తానన్నాను. అతను కట్టే మట్ట పక్కన పెట్టాడు.

"మూడేండ్లల్ల నన్నెవ్వరు అడగలె, నేను చెప్పలె. నువ్వు అడిగినవు, చెప్పిన. ఇప్పుడు ఇంకో తీరు రాస్తే నేను చూసిందంత ఉత్తదైతది చెల్లె. ఉన్నది ఉన్నట్టే రాయి."

ఆ సాయంత్రం హాస్పిటల్‌కి వెళ్ళి కార్డు డొనెలన్ గారి చేతిలో పెట్టాను. కళ్ళు ఇంకా పసుపుపచ్చగానే ఉన్నాయి. రెండుసార్లు చదివారు. ఇది నీకెవరు చెప్పారన్నారు. అంతా చెప్పాను, నాలుగో గుర్రం పరీక్షతో సహా. తను రెండేళ్ళుగా ఇక్కడి గుర్రాల్ని దూరం నుంచి బైనాక్యులర్స్ పెట్టి చూస్తున్నాననీ, ఈ మనిషి దడి పక్కన కూచుని చూశాడనీ అన్నారు. పెన్ను అడిగి, కింద తన పేరు ఉండే చోట కొట్టేసి, పోశన్న పేరూ నా పేరూ రాశారు. అర్బాబ్‌కి కోపమొస్తే తన దగ్గరికి రమ్మనమన్నారు.

శుక్రవారం పొద్దున అల్ హిలాల్‌లో మా సంఘం వాళ్ళ విల్లాలో ప్రార్థన అయ్యాక ఎడ్వర్డ్‌నీ తీసుకుని వచ్చాను. కార్డులు అప్పటికే చేతులు మారుతున్నాయి. షిహాబ్‌ని మూడో చోట చూసి కొందరు నవ్వారు. ఒకాయన అచ్చుతప్పేమో కనుక్కుందామని నా దగ్గరికే వచ్చాడు. తప్పు కాదన్నాను. అర్బాబ్ కార్డు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, ఒక్కసారి నా వైపు చూసి ముందుకెళ్ళిపోయారు.

పందెం మొదలవగానే షిహాబ్ ముందుకు దూసుకుపోయింది. మూడో దడికల్లా మిగతావాటికీ దానికీ మధ్య పది గుర్రాలు పట్టేంత ఎడం. రీమ్ వెనకనుంచి రెండోది. జనం షిహాబ్ పేరే అరుస్తున్నారు. ఎడ్వర్డ్ నా చెయ్యి పట్టుకున్నారు. దూరంగా ఎనిమిదో దడి పక్కన పోశన్న ఎర్ర గుడ్డ కనిపిస్తోంది. మట్టలు విరిగితే సర్దడానికి అతని డ్యూటీ అక్కడే వేశారు.

ఏడు దడులు షిహాబ్ పక్షిలా దాటింది. ఎనిమిదో దాని మీద మట్టలు లేచి ఎగిరాయి. గుర్రం పడలేదు. తొమ్మిదో దగ్గర దూకి ఎడమకి జరిగింది, జాకీ దాన్ని తిన్నగా తిప్పుకునేసరికి ఖైబర్ దగ్గరికొచ్చేసింది. సంజాబ్ నీటి గుంట ముందు నిలబడిపోయింది. రీమ్ ఎప్పుడు నాలుగోదైందో ఎప్పుడు మూడోదైందో ఎవరూ గమనించలేదు. అది తొందరపడుతున్నట్టే లేదు. దడి వచ్చినప్పుడల్లా కొంచెం దగ్గరవుతోంది, అంతే. పదకొండో దడి దగ్గర ఖైబర్ షిహాబ్‌ని దాటింది. పన్నెండో దాని మీదకి ఖైబర్, రీమ్ కలిసే లేచాయి. ఖైబర్ దడిని గుద్దుకుని తూలింది. రీమ్ కాలు నేల మీద ఆనీ ఆనకముందే పరుగందుకుంది.

రీమ్, ఖైబర్, షిహాబ్. సరిగ్గా కార్డులో ఉన్న వరసే.

చప్పట్లు కొంచెం ఆలస్యంగా మొదలయ్యాయి. తర్వాత చాలాసేపు ఆగలేదు. ఆ చప్పట్ల మధ్య అర్బాబ్ నా దగ్గరికొచ్చి, కార్డు మీద వేలుపెట్టి ఈ పోశన్న ఎవరని అడిగారు. నేను నోరు తెరిచేలోపే లియాఖత్ అలీ గారు తానే ట్రాకు మీదికి నడిచి, ఎనిమిదో దడి దాకా వెళ్ళి, పోశన్న భుజం మీద చెయ్యివేసి తీసుకొచ్చారు. అంతమంది ముందు పోశన్న చేతులకి అంటిన మట్టి దులుపుకుంటూ నిలబడ్డాడు.

షిహాబ్‌ని ఏం చెయ్యాలని అర్బాబ్ అడిగారు. ఆ ప్రశ్నని లియాఖత్ అలీ గారు పోశన్నకి హిందీలో చెప్పారు. పోశన్న కూడా హిందీలోనే, తలొంచుకోకుండా జవాబిచ్చాడు. ఆ గుర్రంలో తప్పు లేదనీ, అది దూకడానికి పుట్టింది కాదు, ఉరకడానికి పుట్టిందనీ, దడులు మాన్పించి చదును నేల మీద వదలమనీ. ఆ మాట అరబ్బీలోకి వెళ్ళింది. అర్బాబ్ కుడిచెయ్యి గుండెల మీద పెట్టుకుని తలూపారు. అది ఆయన తన సాటివాళ్ళకి చేసే మర్యాద. ఎడ్వర్డ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నావి అప్పటికే కారుతున్నాయి.

నెల తిరక్కుండా షిహాబ్ చదును ట్రాకు మీద గెలిచింది, తర్వాత ఇంకో రెండుసార్లు గెలిచింది. పోశన్నని కంపెనీ నుంచి మార్పించుకుని లాయం మనిషిని చేశారు. ఆ కార్డు మొత్తం తెలుగులో చదివి క్యాసెట్‌లో రికార్డు చెయ్యమని అడిగితే చేసిచ్చాను. ఊళ్ళో భార్య బాలవ్వకి పంపించాడు. ఆమె తిరిగి పంపిన క్యాసెట్ మధ్యాహ్నం భోజనాల వేళ ఆఫీసులో కూచుని ఇద్దరం విన్నాం. దుబాయ్ పేపర్ల నీ పేరు పడ్డదట గదా, ఈడ అందరికి చెప్పిన, అంది బాలవ్వ. ఇది దుబాయ్ కాదని ఆరేళ్ళుగా చెప్తూనే ఉన్నానని పోశన్న నవ్వాడు. ఆ టేపు మళ్ళీ వెనక్కి తిప్పి ఆ ముక్క వరకు ఇంకోసారి విన్నాడు.

మరుసటేడు డొనెలన్ గారు బాగానే ఉన్నా కార్డు మమ్మల్నే రాయమన్నారు. మేం మొదట పెట్టిన గుర్రం రెండో దడి దగ్గరే బోర్లాపడింది. దానికీ జాకీకీ దెబ్బ తగల్లేదు గాని, మా అంచనా మొత్తం మట్టిలో కలిసింది. జనం పెద్దగా పట్టించుకోలేదు. పందెమన్నాక అలాగే ఉంటుందన్నారు. మూడోరోజు పోశన్న ఆఫీసుకొచ్చి కుర్చీ లాక్కుని కూచున్నాడు. ఆ గుర్రాన్ని పొద్దుటి పూట మాత్రమే చూశాడట. పందెం జరిగేది మధ్యాహ్నం, అప్పుడు దడి నీడ దూకే వైపు పడుతుంది, ఆ నీడని చూసి అది ముందే లేచింది. ఆ సంగతి తను కనిపెట్టలేకపోయాడట.

"వచ్చే ఏడాది కార్డుల ముందుగాల గదే రాయి. పోయినసారి తప్పు చూసినం, ఎందుకు తప్పినమంటే గిందుకు అని. కింద పేరు మనదే ఉన్నది గదా."

డొనెలన్ గారు విని, తన దేశంలో ఈ పని చేసేవాళ్ళని ఎంతోమందిని చూశాను గాని ఇలా రాసినవాణ్ణి చూడలేదన్నారు. తొంభై తొమ్మిది కార్డు మొదటి పేరా అదే. నేను టైపు చేశాను. పోశన్న పక్కన నిలబడి, అక్షరాలు చదవడం రాకపోయినా, చివరిదాకా చూశాడు.