కరుణమ్మ ముందు సాక్ష్యం

భిలాయి క్యాంప్ వన్ బస్తీలో ఆదివారం ప్రార్థన కూడిక. దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పడానికి సామ్యేలు లేచాడు.

పోయిన వారం అతనికి జ్వరమొస్తే, అతని బదులు డ్యూటీకి బయల్దేరిన అబ్రహాం దారిలో లారీ కింద పడి చనిపోయాడు. ‘జ్వరమిచ్చి నన్ను కాపాడిన దేవుడికి స్తోత్రం’ అనాలని సామ్యేలు ఇంటి దగ్గర్నుంచీ అనుకుంటూ వచ్చాడు. మాట బాగా కుదిరిందని మురిసిపోయాడు కూడా.

తీరా లేచి చూస్తే ఎదురుగా చాప మీద అబ్రహాం భార్య కరుణమ్మ, ఒళ్లో పసిపిల్లతో. ఆమె వస్తుందనుకోలేదు. సామ్యేలు మళ్లీ కూర్చోబోయాడు.

“సెప్పన్నయ్యా,” అంది కరుణమ్మ. “నిన్ను కాపాడినాడు కదా, స్తోత్రం సెప్పు. నన్నెందుకు ఒగ్గేసినాడో నాను రోజూ అడుగుతన్నాను. జవాబు సెప్పేదాకా నాను మాత్రం ఆయన్ని ఒగ్గను.”